కర్ణుడు ఉండిపోయాడు, యుయుత్సుడు వెళ్ళిపోయాడు: ఆటల్లో విశ్వాసం గురించి ఒక పాఠం

పిల్లలూ, ఇది పెద్ద తరగతుల వాళ్ళ కోసం రాసిన పాఠం. చదవడం కష్టమనిపించిన చోట అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి. "మాకు క్రికెట్ తప్ప ఇంకేమీ తెలియదు" అని పెద్దవాళ్ళు తప్పించుకోవడానికి వీల్లేదు. ఇందులో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఉన్నాడు, మహాభారతం కూడా ఉంది.

మనం తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: ఒక ఆటగాడు తన జట్టును వదిలి ఇంకో జట్టులో చేరితే అది ద్రోహమా?

ముందు మాటల సంగతి చూద్దాం. మీరు ఇంగ్లీషులో 'లాయల్టీ' అనే ఒక్క మాట వాడే చోట తెలుగులో కనీసం మూడు మాటలున్నాయి. మొదటిది విధేయత. విధి అంటే ఆజ్ఞ, కాబట్టి చెప్పిన మాట వినేవాడు విధేయుడు. పాతకాలం ఉత్తరాల చివర "ఇట్లు తమ విధేయుడు" అని రాసేవారు, తాతగారినడిగితే చెబుతారు. విధేయత కింది నుంచి పైకే వెళ్తుంది. రాజుగారు సేవకుడికి విధేయుడు కాడు కదా! రెండోది విశ్వాసం. ఇది రెండు వైపులా ఉంటుంది. ఉప్పు పెట్టినవాడూ నిలబడాలి, ఉప్పు తిన్నవాడూ నిలబడాలి. మూడోది అభిమానం. ఆట చూసేవాళ్ళు అభిమానులు. కానీ 'ఆత్మాభిమానం' అన్నప్పుడు అదే మాట తన గౌరవాన్ని తాను కాపాడుకోవడం అవుతుంది. ఈ మూడూ గుర్తు పెట్టుకోండి, పాఠమంతా వీటి మీదే నడుస్తుంది.

ఇంకో మాట, 'డైనాస్టీ'. ఏళ్ళ తరబడి వరసగా గెలిచే జట్టును అలా అంటారు. తెలుగులో రాజవంశం. మన దేశంలో ఒకప్పుడు ఆ మాట అక్షరాలా నిజం. సి.కె. నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. 1932లో భారత జట్టు ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడు ఆయనే. ఇందూరు హోల్కర్ మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యంలో హోదా ఇచ్చి పెట్టుకున్నారు. కర్నల్ నాయుడు అన్న పేరు అలా వచ్చిందే. హోల్కర్ జట్టు 1945-46 నుంచి 1952-53 లోపల 4 సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. తర్వాత సంస్థానాలు పోయాయి, ఆ వెనకే జట్టూ పోయింది. మన విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ' గారు ఇంకో అడుగు ముందుకు వేసి, 1930-31లో ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌నీ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి సొంత జట్టు కట్టుకున్నారు. డబ్బున్నవాడు మంచి ఆటగాళ్ళను పోగుచేయడం నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదన్నమాట.

హైదరాబాదులో కథ ఇంకోలా నడిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం గారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆ కుర్రాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉండేది. ఆట అయిపోయాక కూడా నెల జీతం వస్తుందన్న ధైర్యం ఉండేది. వాళ్ళు కలిసి ఉండడంలో ప్రేమా ఉంది, ఆ జీతం పాత్రా ఉంది. రెండోది మరిచిపోయి మొదటిదాన్నే పొగిడితే లెక్క తప్పుతుంది.

సరే, ఇక మన ఊరి దగ్గరకు వద్దాం.

హెర్న్‌డన్ నుంచి కారులో అరగంట వెళ్తే ఫెయిర్‌ఫాక్స్‌లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం వస్తుంది. మన అన్నయ్యలూ, అక్కయ్యలూ ఎంతోమంది చదువుకున్న చోటే. 2006 మార్చిలో ఆ బడి బాస్కెట్‌బాల్ జట్టు దేశాన్నంతా నోరు వెళ్ళబెట్టేలా చేసింది. పోటీలో వాళ్ళకిచ్చిన స్థానం 11. అంటే మొదటి వారంలోనే ఇంటికి పోతారని అందరి అంచనా. వాళ్ళు ముందు మిషిగన్ స్టేట్‌ను ఓడించారు. తర్వాత కిందటేడు విజేత నార్త్ కరోలినాను, ఆ తర్వాత విచిటా స్టేట్‌ను ఓడించారు. ఆఖరికి మార్చి 26న వాషింగ్టన్ నడిబొడ్డున కనెటికట్ మీద అదనపు సమయంలో 86-84తో గెలిచారు. ఆ కనెటికట్ జట్టులోంచి అదే ఏడాది నలుగురిని ఎన్‌బీఏ మొదటి రౌండులోనే తీసుకున్నారు. మేసన్‌లో మొదటి ఐదుగురిలో ఒక్కరినీ తీసుకోలేదు! లమార్ బట్లర్, జై లూయిస్, విల్ థామస్, ఫోలారిన్ క్యాంప్‌బెల్, టోనీ స్కిన్. వీళ్ళంతా పక్కనున్న మేరీలాండ్‌లో పెరిగిన కుర్రాళ్ళు. టోనీ స్కిన్ పుట్టింది నైజీరియాలో. మీలాగే అతనిదీ వలస వచ్చిన కుటుంబమే.

తర్వాతి ఆటలో ఫ్లోరిడా చేతిలో 58-73తో ఓడిపోయారు. ఆ ఫ్లోరిడా కథ కూడా వినదగ్గదే. ఆ ఏడు వాళ్ళు ఛాంపియన్లయ్యారు. జోకిమ్ నోవా, ఆల్ హార్‌ఫర్డ్, కోరీ బ్రూవర్‌లకు ఎన్‌బీఏ తలుపులు తెరిచే ఉన్నాయి. కోట్ల డాలర్లు ఎదురుగా ఉన్నా మొదటి ఐదుగురూ ఇంకో ఏడాది కలిసి ఆడదామనుకుని ఆగిపోయారు. 2007లో మళ్ళీ గెలిచారు. మరి వాళ్ళ కోచ్ బిల్లీ డోనవన్? ఆ గెలుపు తర్వాత ఓర్లాండో ఎన్‌బీఏ జట్టుకు సరేనని సంతకం పెట్టి, కొద్ది రోజులకే మనసు మార్చుకుని వెనక్కి వచ్చేశాడు.

ఇక్కడొకసారి ఆగండి. ఆ రోజుల్లో కోచ్ ఎప్పుడైనా ఎక్కడికైనా పోవచ్చు, పోయిన మరునాడే కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు. అదే పని ఆటగాడు చేస్తే? కొత్త బడిలో చేరి ఒక ఏడాదంతా ఆడకుండా బల్ల మీద కూర్చోవాలి. జీతం అసలే లేదు, స్కాలర్‌షిప్ మాత్రమే. తన పేరున్న చొక్కా దుకాణంలో అమ్ముడుపోయినా అతనికి ఒక్క డాలరు రాకూడదు. దీన్ని విశ్వాసమంటారా? నేనైతే అనను. తలుపుకు తాళం వేసి, లోపలున్నవాణ్ణి చూసి "ఎంత నమ్మకస్తుడో!" అని మురిసిపోయినట్టుంటుంది. పై మూడు మాటల్లో దానికి సరిపోయేది విధేయత ఒక్కటే.

ఆ తాళం ఎలా ఊడిందో త్వరగా చెప్పేస్తాను. 2018లో 'ట్రాన్స్‌ఫర్ పోర్టల్' వచ్చింది. వేరే బడికి పోదలచిన ఆటగాడు తన పేరు అందులో వేయించుకుంటే చాలు, మిగతా కోచ్‌లు పలకరించవచ్చు. 2021 ఏప్రిల్‌లో ఒకసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు. అదే ఏడు జూన్‌లో సుప్రీంకోర్టు ఆల్‌స్టన్ కేసులో 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరూ, బొమ్మా వాడుకునేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవచ్చని వదిలేశారు. 2024 నాటికి ఎన్నిసార్లు మారినా ఆడనిస్తున్నారు. 2025 జూన్‌లో 'హౌస్' ఒప్పందానికి కోర్టు ఒప్పుకున్నాక, బడులే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాది ఒక్కో బడికి గరిష్ఠంగా 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

(తల్లిదండ్రులకు ఒక మాట. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థులు ఈ డబ్బు తీసుకోబోతే పని చేయకూడదన్న వీసా నిబంధన అడ్డువస్తుంది. ఆటలో పైకొచ్చే పిల్లలున్న ఇళ్ళలో, ముఖ్యంగా ఇంకా గ్రీన్‌కార్డు రాని ఇళ్ళలో, ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే లాయరును అడగండి.)

తాళం ఊడింది బాగానే ఉంది. మరి ఇల్లేమయింది? 2006 మేసన్ కథ రాసిన కోచ్ జిమ్ లారనాగా జీవితంలోనే దీనికి జవాబుంది. ఆయన మేసన్‌లో 14 ఏళ్ళున్నారు. 2008లో తాను చదువుకున్న ప్రావిడెన్స్ కళాశాల పిలిచినా వెళ్ళలేదు. 2011లో మాత్రం మయామీ వెళ్ళారు. 2023లో ఆ జట్టునూ ఆఖరి నలుగురిలోకి తీసుకెళ్ళారు. అంత గొప్ప గెలుపు తర్వాత 8 మంది ఆటగాళ్ళు వెళ్ళిపోదామనుకున్నారట. ఇక్కడ బాగాలేదా అని అడిగితే, చాలా బాగుంది, కానీ వేరేచోట డబ్బు ఎక్కువిస్తున్నారు అన్నది జవాబు. 2024 డిసెంబరులో, ఇంకా ఆటల మధ్యలోనే, ఆయన తప్పుకున్నారు. అంతకు రెండు నెలల ముందే మన వర్జీనియా విశ్వవిద్యాలయం కోచ్ టోనీ బెనెట్ కూడా, ఈ కొత్త పద్ధతికి తాను సరిపోనని చెప్పి విరమించుకున్నారు.

బెనెట్ పేరు వచ్చింది కాబట్టి ఒక చిత్రమైన గొలుసు చెబుతాను, జాగ్రత్తగా పట్టుకోండి. 2018లో వర్జీనియా దేశంలో మొదటి స్థానంలో ఉండి, 16వ స్థానంలో ఉన్న యూఎంబీసీ చేతిలో 20 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. బాల్టిమోర్ దగ్గరుండే ఆ బడిలో మనవాళ్ళు చాలామందే చదువుతారు. అవమానం పాలైన వర్జీనియా కుర్రాళ్ళు కైల్ గై, టై జెరోమ్, డిఆండ్రే హంటర్ ఎక్కడికీ పోలేదు. మరుసటి ఏడాదే, 2019లో, ఛాంపియన్లయ్యారు. ఇప్పటి రోజుల్లో అలాంటి ఓటమి తర్వాత ఎంతమంది ఆగుతారో! సరే, ఆనాడు యూఎంబీసీ కోచ్ ఎవరు? ర్యాన్ ఓడమ్. ఆయన తర్వాత యూటా స్టేట్‌కు, అక్కణ్ణుంచి రిచ్‌మండ్‌లో వీసీయూకు మారారు. 2025 మార్చిలో ఆయన వీసీయూ జట్టు అట్లాంటిక్-10 పోటీ ఆఖరి ఆటలో ఎవరిని ఓడించింది? మన జార్జ్ మేసన్‌ను. అదీ 2006లో మేసన్ కనెటికట్‌ను ఓడించిన ఆ వాషింగ్టన్ ఆవరణలోనే. అప్పటి వెరిజాన్ సెంటర్ పేరు తర్వాత క్యాపిటల్ వన్ అరీనా అయింది. ఆ నెల తిరగకుండానే ఓడమ్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి కోచ్‌గా వెళ్ళిపోయారు. ఏ బడినైతే తలవంచుకునేలా చేశారో ఆ బడికే!

ఆ రోజు ఓడిన మేసన్ జట్టుకు కోచ్ ఎవరనుకున్నారు? 2006లో ఆడిన టోనీ స్కిన్! 2023లో అంతకుముందు కోచ్ కిమ్ ఇంగ్లిష్ ప్రావిడెన్స్‌కు వెళ్తే, కొందరు ఆటగాళ్ళు కూడా ఆయన వెంటే వెళ్ళిపోయారు. ఆ సగం ఖాళీ అయిన ఇంటికి స్కిన్ తిరిగొచ్చాడు. పోర్టల్‌లోంచే కొత్తవాళ్ళను తెచ్చుకుని జట్టు కట్టాడు. రెండో ఏడే, 2024-25లో, సాధారణ పోటీల్లో వీసీయూతో సమానంగా మొదటి స్థానంలో నిలిచాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన మనిషి ఇతనే. బడి మీద ప్రేమ అంటే అందరూ నాలుగేళ్ళు కదలకుండా ఉండాలన్న పట్టుదల కానక్కర్లేదని చూపించాడు.

బడులు మాత్రం కదలకుండా ఉన్నాయా? మేరీలాండ్ విశ్వవిద్యాలయం 1953లో ఏసీసీని స్థాపించినవాటిలో ఒకటి. 2014లో టీవీ డబ్బు ఎక్కువొస్తుందని బిగ్ టెన్‌కు మారిపోయింది. పోయినందుకు 3 కోట్ల డాలర్ల పైచిలుకు వదులుకుని మరీ వెళ్ళింది. అరవై ఏళ్ళ స్నేహాన్ని పెద్దలు అలా తెంచుకోవచ్చు గానీ, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు బడి మారితే తప్పా?

ఇక వృత్తి ఆటల సంగతి. ఇక్కడ తాళం ఊడదీయడానికి ఒక మనిషి తన జీవితాన్నే పెట్టాడు. కర్ట్ ఫ్లడ్ సెయింట్ లూయిస్ బేస్‌బాల్ జట్టుకు 12 ఏళ్ళు ఆడాడు. 1969లో అతన్ని అడక్కుండానే ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. అప్పటి పద్ధతి ప్రకారం ఒప్పందం ముగిసినా ఆటగాడిపై హక్కు యజమానిదే. ఫ్లడ్ ఆ క్రిస్మస్ ముందు రోజు కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. నన్నడగకుండా కొనడానికీ అమ్మడానికీ నేను వస్తువును కాను అన్నది దాని సారాంశం. ఏడాదికి 90 వేల డాలర్ల జీతం వదులుకుని కోర్టుకెక్కాడు. 1971లో మన వాషింగ్టన్ సెనేటర్స్‌కు 13 ఆటలు ఆడి మానేశాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు. కానీ 1975 చివర్లో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆ పాత పద్ధతి కూలిపోయింది. దాని ఫలం తిన్నవాళ్ళు వేరే. ఇదే ఆత్మాభిమానం.

అన్నట్టు, ఆ సెనేటర్స్ జట్టు ఏమైందో తెలుసా? ఆటగాణ్ణి కదలనివ్వని ఆ రోజుల్లోనే, 1971 ఆటలు కాగానే యజమాని జట్టు మొత్తాన్నీ మూటగట్టుకుని టెక్సస్ వెళ్ళిపోయాడు! 2005లో మాంట్రియల్ జట్టు వచ్చి 'నేషనల్స్' అయ్యేదాకా వాషింగ్టన్‌కు బేస్‌బాలే లేదు. ఇప్పుడు మనం "మనది" అనుకునే జట్టు కూడా ఎవరో కెనడా పిల్లల్ని ఏడిపించి వచ్చిందే.

ఆ నేషనల్స్ నుంచి బ్రైస్ హార్పర్ 2019 ఆటలకు ముందు ఫిలడెల్ఫియాకు పోయాడు. ఆ ఏడే అతను లేకుండా నేషనల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. హువాన్ సోటో 44 కోట్ల డాలర్లు వద్దన్నాడు, 2022లో శాన్ డియేగోకు ఇచ్చేశారు, 2024 చివర్లో న్యూయార్క్ మెట్స్‌తో 76 కోట్ల 50 లక్షలకు కుదుర్చుకున్నాడు. దీన్ని దురాశ అందామా, లెక్క తెలిసినవాడు అందామా, ఇంట్లో వాదించుకోండి.

ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. ఫుట్‌బాల్‌లో డారెల్ గ్రీన్ 1983 నుంచి 2002 దాకా 20 ఏళ్ళూ వాషింగ్టన్‌కే ఆడాడు. హాకీలో అలెక్స్ ఓవెచ్‌కిన్ రష్యా నుంచి 2005లో వచ్చాడు. 2008లో క్యాపిటల్స్ అతనితో 13 ఏళ్ళ ఒప్పందం చేసుకున్నారు. చేతికి కప్పు వచ్చేసరికి 2018 అయింది. 2025 ఏప్రిల్ 6న 895వ గోలు కొట్టి వేన్ గ్రెట్స్‌కీ రికార్డు దాటాడు. అతను ఓపిక పట్టాడు, నిజమే. వాళ్ళూ 13 ఏళ్ళకు కాగితం రాసిచ్చారు. విశ్వాసం రెండు వైపులా ఉండడమంటే ఇదే.

ఒకవైపే ఉంటే ఎలా ఉంటుందో మన లక్ష్మణ్‌ను చూడండి. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు సచిన్, ద్రావిడ్, గంగూలీ లాంటివాళ్ళను వాళ్ళ ఊళ్ళకు 'ఐకాన్' ఆటగాళ్ళను చేశారు. ఐకాన్‌కు జట్టులో అందరికన్నా 15 శాతం ఎక్కువ డబ్బివ్వాలి. హైదరాబాదుకు ఆ హోదా లక్ష్మణ్‌ది. ఆ డబ్బుతో డెక్కన్ ఛార్జర్స్ ఇంకా మంచి ఆటగాళ్ళను కొనుక్కుంటుంది కదా అని ఆయన ఐకాన్ హోదా వద్దన్నారు. మొదటి ఏడు జట్టు ఆఖరి స్థానం. రెండో ఏడు, 2009లో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఛాంపియన్. మరి 2011 వేలానికి ముందు లక్ష్మణ్‌ను అట్టిపెట్టుకున్నారా? లేదు. ఆయన కొచ్చికి ఆడవలసి వచ్చింది. ఆ కొచ్చి జట్టు ఆ ఒక్క ఏడాదితో సరి. 2012లో డెక్కన్ ఛార్జర్సే లేకుండా పోయింది. ఆ స్థానంలో సన్‌రైజర్స్ వచ్చాక లక్ష్మణ్ సలహాదారుగా తిరిగి వచ్చారు. రంజీలో మాత్రం చివరిదాకా హైదరాబాదుకే ఆడారు. అదే సన్‌రైజర్స్‌కు 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో మధ్యలోనే నాయకత్వం నుంచి తీసేసి బల్ల మీద కూర్చోబెట్టారు. మన హైదరాబాదు కుర్రాడు సిరాజ్ ఏడేళ్ళు బెంగుళూరుకు ఆడి, 2024 వేలంలో గుజరాత్‌కు వెళ్ళాడు. వేలంలో ఆటగాడు ఊరు మారితే తిట్టేవాళ్ళు, వేలం పెట్టిందెవరో కూడా చూడాలి.

ఇప్పుడు మహాభారతం. కృష్ణుడు వచ్చి, నువ్వు కుంతి కొడుకువు, మా వైపు వస్తే రాజ్యం నీదే అని చెప్పినా కర్ణుడు దుర్యోధనుణ్ణి వదల్లేదు. యుయుత్సుడు ధృతరాష్ట్రుడి కొడుకే. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు "మా వైపు వచ్చేవాళ్ళుంటే రండి" అని పిలిస్తే, అందరి ముందూ నడుచుకుంటూ ఇవతలికి వచ్చేశాడు. నకుల సహదేవుల మేనమామ శల్యుడిది మరీ విచిత్రం. పాండవుల కోసమే సైన్యంతో బయల్దేరాడు. దారిపొడవునా విడుదులు, విందులు చూసి ధర్మరాజు చేయించాడనుకుని మురిసిపోయి మాట ఇచ్చేశాడు. తీరా చూస్తే అవన్నీ దుర్యోధనుడి ఏర్పాట్లు! ఈ రోజుల్లో కాలేజీలు పిల్లల్ని పిలిచి చేసే మర్యాదలు చూస్తుంటే నాకు శల్యుడే గుర్తుకొస్తాడు.

పెద్దలకు చివరగా ఒక సంగతి. ఊరు వదిలి, దేశం వదిలి, నాలుగు కంపెనీలు మారి హెర్న్‌డన్ చేరినవాళ్ళం మనం. మనమే అసలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్! "వాడు డబ్బు కోసం పోయాడు" అని టీవీ ముందు మనం అన్నప్పుడు పిల్లలు మనవైపు ఎలా చూస్తారో ఒకసారి గమనించండి. అడిగితే జవాబు సిద్ధంగా పెట్టుకోవాలి. ఏం వదిలి వచ్చామో, ఎవరికి ఇంకా ఫోన్ చేస్తున్నామో, ఎవరికి చేయడం మానేశామో.

ఇంటి పని:

విధేయత, విశ్వాసం, అభిమానం, ఆత్మాభిమానం. ఒక్కో మాటతో ఒక్కో వాక్యం రాయండి, అన్నిట్లోనూ ఆటల సంగతే రావాలి.

కర్ణుడు, యుయుత్సుడు, శల్యుడు. వీళ్ళలో జార్జ్ మేసన్‌కు తిరిగొచ్చిన టోనీ స్కిన్ ఎవరికి దగ్గర? ఎవరికీ కాకపోతే ఎందుకు కాదో పది వాక్యాల్లో రాయండి.

మీ ఇంట్లో ఒక పెద్దవాళ్ళను "మీరు మొదటి ఉద్యోగం ఎందుకు వదిలేశారు?" అని తెలుగులో అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని వచ్చే వారం తరగతికి తీసుకురండి. తప్పులు దిద్దడం నా వంతు. కథను మాత్రం మార్చను.